బీరువాలో పది పుస్తకాలకే చోటు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. మామగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త ఉద్యోగం విశాఖపట్నంలో. పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తారు. ఒక్కతే కూతురు, పదమూడేళ్లు. బడిలో ఇంగ్లీషు, ఒడియా చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతుంది. ఆ పిల్లకు మాంత్రికులు, డ్రాగన్లు, ఎక్కడా లేని లోకాలు ఉండే ఇంగ్లీషు ఫాంటసీ నవలలంటే ప్రాణం. తండ్రి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెస్తారు. అలా నలభైకి పైగా పోగయ్యాయి.

ఇప్పుడు పాత ఇల్లు పంపకాల్లో పోయింది. మాఘమాసంలో రెండు గదుల అద్దె వాటాలోకి మారుతున్నారు. అక్కడ ఒకే బీరువా పడుతుంది. మూడు అరల్లో రెండు మామగారి భారత భాగవతాలకు, నిఘంటువులకు, పాత ‘భారతి’ సంచికలకు పోతాయి. మూడో అరలో సగం ఇంటి కాగితాలకు కావాలి. మిగిలిన చోటులో పది పుస్తకాలు పడతాయి. “ఇవి యాభై ఏళ్లు కూడా నిలిచే పుస్తకాలు కావు. నిలిచేవి పది ఉంటే ఏరి పెట్టుకో, మిగతావి తూకానికి వేసేద్దాం” అని తాతగారు మనవరాలితో అన్నారు. అనడమే కాదు, రెండు పుస్తకాలు పాత కాగితాలు కొనే మనిషికి ఇచ్చేశారు కూడా. ఈమె వీధి చివరి దాకా పరుగెత్తి, డబ్బిచ్చి వాటిని వెనక్కి తెచ్చి, తన చీరల పెట్టెలో అడుగున దాచారు. పిల్ల తాతయ్యతో మాట్లాడి పంతొమ్మిది రోజులైంది. కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి మాట లేకుండా వెళ్లిపోతోంది. భర్తను కదిలిస్తే “మీరే చూసుకోండి” అంటున్నారు.

“నేను ఒడియా బడిలో చదువుకున్నాను. పెళ్లయ్యాక మామగారే నాకు తెలుగు చదవడం నేర్పారు. ఆయనకు ఎదురు చెప్పలేను. పిల్ల పుస్తకాలు నేను చదవలేదు. వాటి జాబితా జత చేస్తున్నాను. వీటిలో సాహిత్యంగా నిలిచేవి ఏవో చెప్పండి. ఆ పదీ ఉంచి ఈ గొడవకు ముగింపు చూస్తాను” అని అడిగారు.

అమ్మా, పది పేర్లు రాసి పంపడం నాకు కష్టం కాదు. అయితే ఆ కాగితం మీ ఇంటికి చేరాక ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. మీ అమ్మాయికి ప్రాణమైన పుస్తకం నా లెక్కలో పదకొండోది అయితే, అంతవరకూ తాతయ్య ఒక్కరి మీదే ఉన్న కోపం మీ మీదికీ మళ్లుతుంది. మామగారికి నా మాట రుచిస్తే గెలిచానని అనుకుంటారు, రుచించకపోతే ఊరూ పేరూ తెలియని మనిషి తీర్పు తనకెందుకంటారు. ఏ దారినైనా గొడవ ముగియదు. అయినా మీ ప్రశ్న మంచి ప్రశ్న. దాన్ని దాటవేయను. ముందు పుస్తకాల సంగతి, తరువాత మనుషుల సంగతి.

మీ మామగారు యాభై ఏళ్లు గడువు పెట్టారు. ఆ గడువు దాటినవి మీ అమ్మాయి అరలోనే ఉన్నాయి. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు సంపుటాలూ 1954, 1955లలో వచ్చాయి. అంటే ఏడు దశాబ్దాలు గడిచాయి. మొదట్లో దాన్నీ తీసిపారేశారు. అమెరికాలో ఆనాటి పెద్ద విమర్శకుల్లో ఒకరైన ఎడ్మండ్ విల్సన్ 1956లో అది పిల్లల చెత్త అని రాశారు. ఆ సమీక్ష పేరు ఈ రోజు వినిపిస్తున్నదంటే ఆ నవల గురించి మాట్లాడేవాళ్లు తలుచుకోవడం వల్లనే.

టోల్కీన్ గురించి మీ మామగారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల భాష బోధించిన ఆచార్యుడు, అచ్చమైన భాషా పండితుడు. ‘బేవుల్ఫ్’ అనే పాత ఆంగ్ల కావ్యాన్ని ఆనాటి పండితులు చరిత్ర ఆధారాల కోసం తవ్వుకుంటూ, ఇంత మంచి కావ్యంలో ఈ రాక్షసులేమిటి, ఈ డ్రాగన్ ఏమిటి అని చిన్నచూపు చూసేవారు. 1936లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో టోల్కీన్ దీన్ని ఎదిరించారు. రాక్షసులే ఆ కావ్యానికి గుండెకాయ అన్నారు. ఆ చూపుతోనే తన నవల రాశారు. అది నిలుస్తుందని నేను నమ్మడానికి కారణం యుద్ధాలు కాదు, చివరి ఘట్టం. లోకాన్ని కాపాడటానికి ఉంగరాన్ని మోసుకుపోయిన ఫ్రోడో అగ్నిపర్వతం అంచున నిలబడి దాన్ని పారవేయలేకపోతాడు. వేలికి తొడుక్కుంటాడు. ఓడిపోతాడు. లోకం బతికేది మరో రకంగా. ఇంటికి తిరిగి వచ్చాక కూడా అతని గాయం మానదు, ఊళ్లో ఉండలేక సముద్రం దాటి వెళ్లిపోతాడు. పదమూడేళ్ల పిల్ల ఆ పుటలను గబగబా తిప్పేస్తుంది. నలభై ఏళ్లప్పుడు అక్కడే ఆగిపోతుంది. ఒకే మనిషికి రెండు వయసుల్లో రెండు పుస్తకాలుగా కనిపించే రచన అంత తొందరగా పోదు. ఇందులో లోపాలు లేవనడం లేదు. ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, శత్రువుల జాతి మొత్తానికీ ఒకే నలుపు రంగు పులిమినట్టు ఉంటుంది. ఆ లోపాల మీద వాదించేవాళ్లు కూడా దాన్ని మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నారు.

నా మనసు మాత్రం అమెరికన్ రచయిత్రి అర్సులా లె గ్విన్ వైపే ఉంది. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968లో వచ్చింది. చిన్న పుస్తకం. గర్వంతో ఒక నీడను లోకంలోకి వదిలిన కుర్రవాడు, దానికి భయపడి దీవి నుంచి దీవికి పారిపోయి, చివరికి వెనుదిరిగి దాన్నే వెతుక్కుంటూ వెళ్లి, తన పేరుతోనే దాన్ని పిలుస్తాడు. శత్రువును చంపడం ఉండదు. వస్తువు అసలు పేరు తెలిస్తేనే మంత్రం పనిచేస్తుందన్న ఊహ మంత్రోపదేశాలు, నామకరణాలు ఎరిగిన మనకు కొత్తగా ఉండదు. ఆమె వాక్యం పొదుపుగా ఉంటుంది, పైకి చదివితే చెవికి నిండుగా వినిపిస్తుంది. పైకి చదివినప్పుడు తేలిపోయే పుస్తకాలు ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు.

ఇక్కడ నన్ను బాధపెట్టిన సంగతి చెప్పాలి. తూకానికి వెళ్లి వచ్చిన రెండింటిలో ఒకటి ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’ అని మీరు రాశారు. ఎర్త్‌సీ వరుసలో రెండోది, 1971 నాటిది. పసితనంలోనే తల్లి నుంచి వేరు చేసి, పేరు తీసేసి, చీకటి సమాధులకు పూజారిణిగా పెంచిన ఒక అమ్మాయి కథ అది. ఆమె పేరు ఆమెకు తిరిగి దక్కడమే కథ మొత్తం. మీ అమ్మాయి మౌనంలో ఆ పుస్తకం పోయిందన్న బాధ కూడా ఉందేమో ఆలోచించండి. రెండోది ఏదో డ్రాగన్ల వరుసలో ఒక సంపుటం. అది నిలుస్తుందని చెప్పలేను. కానీ దాన్ని ఆమె ఆరుసార్లు చదివిందని మీరే రాశారు. ఇంట్లో ఉంచుకోవడానికి ఆ కారణం చాలు.

ఎర్త్‌సీలో మరో పుస్తకం మీ జాబితాలో లేదు. ‘తెహాను’ అని 1990లో వచ్చింది. మూడో పుస్తకం తరువాత పద్దెనిమిదేళ్లకు రచయిత్రి తన లోకంలోకి తిరిగి వెళ్లి, ఇక్కడ మహిమలన్నీ మగవాళ్లవే ఎందుకయ్యాయి అని తననే ప్రశ్నించుకున్న పుస్తకం అది. ఆ సమాధుల్లోని అమ్మాయి ఇందులో నడివయసు వితంతువు, ఇల్లు నడుపుకుంటూ, మంటల్లో కాలిన ఒక పసిపిల్లను పెంచుతూ ఉంటుంది. అది పిల్ల కోసం కాదు, మీ కోసం చెబుతున్నాను.

మిగిలినవాటి మీద ఎక్కువ చెప్పను. ఫిలిప్ పుల్‌మన్ ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడు నవలలు (1995 నుంచి 2000 వరకు) నిలుస్తాయనే అనుకుంటున్నాను. వాటిలో మూడోదానికి బ్రిటన్‌లో 2001 సంవత్సరపు విట్‌బ్రెడ్ పెద్ద బహుమతి వచ్చింది. పిల్లల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. రోలింగ్ ‘హ్యారీ పాటర్’ ఏడు సంపుటాలు (1997 నుంచి 2007 వరకు) మొదట చదివిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు అందిస్తున్నారు, కాబట్టి తొలి పరీక్ష దాటినట్టే. వాక్యం బిగువు మాత్రం అన్ని సంపుటాల్లో ఒకేలా లేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ వరుస రాసిన జార్జ్ మార్టిన్ నవల మీ ఆయన అరలోది అయి ఉంటుంది. అందులోని హింస, శృంగారం పెద్దల కోసం రాసినవి, దాన్ని విశాఖకే పంపండి. ఆ వరుస 1996లో మొదలైంది, ఐదో సంపుటం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం పాఠకులు ఎదురుచూస్తూనే ఉన్నారు. సగంలో ఆగినంత మాత్రాన పోతుందని అనలేం. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని తిక్కన, ఎర్రన పూర్తిచేయడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. ఇటీవలివాటిలో నేను పందెం కాయగలిగింది సుసన్నా క్లార్క్ ‘పిరనేసి’ మీద. 2020లో వచ్చింది, మరుసటి ఏడాది బ్రిటన్‌లో మహిళా రచయితలకు ఇచ్చే పెద్ద బహుమతి పొందింది. అంతులేని గదులు, విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం, ఒక మనిషి, అతని దినచర్య పుస్తకాలు. మీ అమ్మాయికి పదహారేళ్లు వచ్చాక కొనివ్వండి.

ఇవి నా లెక్కలు. పెద్దల లెక్కలు ఎలా తప్పుతాయో మీ మామగారికి నాకన్నా బాగా తెలుసు. పంచకావ్యాలని మన పండితులు వేసిన లెక్కలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ లేదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే లోకంలో జరిగిపోవడం, ఒకరి రూపం మరొకరు ధరించడం, కథలో కథ, పురాణాల నుంచి తీసుకోకుండా కవి సొంతంగా కల్పించిన ఇతివృత్తం. పదహారో శతాబ్దంలో రాసిన తెలుగు ఫాంటసీ అది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి దాని గొప్పతనాన్ని గట్టిగా చెప్పేదాకా దానికి ఆ స్థాయి పీట దొరకలేదు. ఇంగ్లీషులోనూ అలాంటిదే జరిగింది. హోప్ మిర్లీస్ 1926లో రాసిన ‘లడ్ ఇన్ ద మిస్ట్’ మరుగున పడిపోయి, 1970లో ఒక ప్రచురణకర్త మళ్లీ అచ్చువేయడంతో లేచి కూర్చుంది. అంతవరకూ ఎవరో కొందరు తమ ప్రతులను తూకానికి వేయకుండా ఉంచుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

గుణాఢ్యుడి కథ మీ మామగారు మీకు ఎప్పుడైనా చెప్పారా? పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదులుకున్న గుణాఢ్యుడు పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాసి శాతవాహన రాజుకు పంపాడట. ఆ భాష చూసి రాజు తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ జంతువులకు చదివి వినిపిస్తూ మంటలో వేస్తుంటే, అవి మేత మరిచి కన్నీళ్లతో విన్నాయట. సంగతి తెలిసి రాజు పరుగెత్తుకు వచ్చేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి. ఆ మిగిలినదీ మూలరూపంలో మనకు దక్కలేదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు, అంతకుముందూ మరికొందరూ తమ మాటల్లో తిరిగి చెప్పడం వల్ల బతికింది. మీరు ఒడియా బడిలో చదివారు కనుక తపోయి కథ మీకు గుర్తుచేయనక్కరలేదు. ఏడుగురు అన్నలు సముద్రం మీదికి వెళితే వదినలు మేకలు కాయించిన ఆ షావుకారు కూతురి కథను ఏ విమర్శకుడూ కాపాడలేదు. ఏటా భాద్రపదంలో ఖుదురుకుణి ఓషా అనే నోము నాడు ఆడపిల్లలు కూర్చుని చెప్పుకోవడమే దాన్ని కాపాడింది.

ఇప్పుడు మీ మామగారి సంగతి. ఆయన కోపం ఈ నవలల మీద అని నాకు అనిపించడం లేదు. ఆ రెండు అరల పుస్తకాలు తన తరువాత తెరిచేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరన్న దిగులు అది. పర్లాకిమిడిలో తెలుగు మాస్టారుగా బతికిన మనిషికి ఆ దిగులు మామూలుది కాదు. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు అది. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన అంతటి మనిషి అన్నేళ్ల ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మీ మామగారు అక్కడే ఉండి తెలుగు నేర్పారు. ఇప్పుడు మనవరాలు ఇంగ్లీషు పుస్తకం నుంచి తల ఎత్తదు. అయితే మరోవైపు కూడా చూడండి. జనం మాట్లాడే భాషలో రాయాలని గిడుగు పోరాడితే, అది గ్రామ్యం, సాహిత్యానికి పనికిరాదన్నది కూడా మనసారా తెలుగును ప్రేమించిన పండితులే. ఈ మాట మీ మామగారికి మీరు చెప్పకండి. కోడలి నోట అది ఎదురు చెప్పినట్టు ఉంటుంది. ఈ పేజీ మడిచి ఆయన కళ్లద్దాల దగ్గర పెట్టండి, చాలు.

ఇక మీ ముందున్న దారులు.

పది ఏరే పని మీ అమ్మాయికే పూర్తిగా వదిలేయవచ్చు. ఒకే ప్రశ్న అడగండి: వీటిలో రెండోసారి చదివినప్పుడు వేరేగా అనిపించినవి ఏవి? ఆమె బలహీనమైన పుస్తకాలు కొన్ని ఏరుతుంది, టోల్కీన్‌ను పక్కన పెట్టినా పెడుతుంది. అప్పుడు పెద్దవాళ్లు ఎవరూ నోరు మెదపకూడదు. మధ్యలో ఒక్క మాట పడినా ఏరమన్నది ఉత్తుత్తికే అని ఆమెకు అర్థమైపోతుంది. ఆ నిగ్రహం మీ ఇంట్లో సాధ్యమేనా అన్నది మీకే తెలియాలి.

లేదా పది అన్న లెక్కనే పక్కన పెట్టండి. నలభై పుస్తకాలకు ఒక ట్రంకుపెట్టె చాలు. మంచం కింద రెండు ఇటుకల మీద పెట్టి, అడుగున ఎండిన వేపాకు పరిచి, వానాకాలం వెళ్లాక ఒకసారి ఎండ చూపిస్తే పురుగు పట్టదు. లేదా సగం పుస్తకాలు మీ ఆయన గదికి పంపండి. అవి కొన్నది ఆయనే కదా. “మీరే చూసుకోండి” అని తప్పుకునే వీలు ఆయనకు ఇవ్వకండి. పండగ సెలవుల్లో పిల్ల అక్కడికి వెళ్లి మార్చుకుని తెచ్చుకుంటుంది. ఇందులో చిక్కు ఒకటే. చోటు సమస్య తీరుతుంది గానీ తాతా మనవరాళ్ల మధ్య మౌనం అలాగే ఉండిపోవచ్చు, పోట్లాడటానికి కారణం కూడా లేక మరింత గట్టిపడవచ్చు.

నాకు ఆశ ఉన్నది మూడో దారి మీద. అది కష్టమైనది. మా నాన్నగారు చందమామ సీరియళ్ల పేజీలు విడదీసి బైండు చేయించి, రాత్రి భోజనాలయ్యాక మాకు చదివి వినిపించేవారు. మాంత్రికులూ, శిథిల దుర్గాలూ ఉన్న ఆ కథలను ఆ రోజుల్లో సాహిత్యమని ఎవరూ అనలేదు. నాకు తెలుగు వాక్యం పట్టుబడింది అక్కడే. మీ ఇంట్లో అది తిరగబడి జరగాలి. సాయంత్రం దీపం పెట్టాక మీ అమ్మాయి ఎర్త్‌సీ మొదటి పుస్తకాన్ని రోజుకొక ప్రకరణం తాతయ్యకు తెలుగులో చెప్పాలి. చదివి వినిపించడం కాదు, తన మాటల్లో కథ చెప్పడం. ‘నీడ’ అనాలా ‘ఛాయ’ అనాలా అని ఆమెకు సందేహం వస్తుంది. ఆ సందేహం తీర్చగల మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. బదులుగా ఆయన గుణాఢ్యుడి కథ చెప్పాలి, వీలైతే కళాపూర్ణోదయం. ప్రమాదం ఎక్కడుందంటే, మాస్టారుగారు కనుక మాటమాటకూ తప్పు దిద్దుతారు. అలా చేస్తే పిల్ల రెండో రోజే లేచి వెళ్లిపోతుంది, మళ్లీ కూర్చోదు. కథ అయిపోయేదాకా దిద్దకూడదని ముందే ఒప్పందం కావాలి. ఆయనకు అది చేతకాదని అనకండి. పెళ్లై వచ్చిన కోడలికి, ఒడియా అక్షరాలే తెలిసిన అమ్మాయికి, తెలుగు నేర్పిన మనిషి ఆయన. మీరు ఎన్ని తప్పులు చదివారో, ఆయన ఎంత ఓర్చుకున్నారో గుర్తు చేసుకోండి. ఆ రోజుల సంగతులు మీ అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. ఆ రెండు పుస్తకాలు మీ చీరల పెట్టెలో ఉన్నాయని ఇద్దరికీ తెలియదు. నేరుగా మీ అమ్మాయి చేతికిస్తే ఆమె సంతోషిస్తుంది, తాతయ్య మీద కోపం మాత్రం తగ్గదు. మామగారికి ఒంటరిగా ఉన్నప్పుడు ఇచ్చి, “మీ చేత్తో ఇవ్వండి మామయ్యా” అంటే, ఆ వయసు మనిషి నోటితో చెప్పలేని మాట చేత్తో చెప్పే వీలు కలుగుతుంది. ఆయన తీసుకోకపోవచ్చు కూడా. తీసుకుని, ఏమీ అనకుండా ఆమె చదువుకునే బల్ల మీద పెట్టి వెళ్లిపోవచ్చు. అదీ మంచిదే. ఏది చేసినా సామాను సర్దడం మొదలుపెట్టకముందే చేయండి. పెట్టె సర్దేటప్పుడు ఆ పుస్తకాలు మీ చీరల కింద పిల్ల కంటపడితే, వాటి కోసం మీరు వీధి చివరి దాకా పరుగెత్తిన సంగతి ఆమెకు తెలియదు కదా.